భాను పాటల్లో బేసు గిటారు

బావి పాటలో బావి లేదని భాను కనిపెట్టిన మధ్యాహ్నం హిందూపురంలో కరెంటు అప్పుడే వచ్చింది. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని టేప్‌రికార్డరు మీట నొక్కి, గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ పాట ఒక్క బేసు గిటారుతో మొదలయ్యేది. లోతైన బావిలోకి బొక్కెన దిగుతున్నట్టు, చేంతాడు గిలక మీద ఆగి ఆగి జారుతున్నట్టు ఉండేది ఆ శబ్దం. తరువాత డ్రమ్ములు, ఆ తరువాత మనిషి గొంతు. అందుకే ఆమె దానికి బావి పాట అని పేరు పెట్టుకుంది. ఆ రోజు క్యాసెట్టు తిరుగుతోంది, చక్రాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. ఉన్నట్టుండి ఎక్కడినుంచో డ్రమ్ములు వచ్చి మీద పడ్డాయి.

వెనక్కి తిప్పి మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే.

సాయంత్రం భర్త ఇంతియాజ్ ఇంటికి రాగానే, "టేపు హెడ్డు పాడైనట్టుండాది, రవ్వంత తుడువు," అంది. ఇంతియాజ్‌కు బస్టాండు దగ్గర టేప్‌రికార్డర్లు బాగుచేసే చిన్న అంగడి ఉంది. దూదికి స్పిరిట్ అద్ది తుడిచి, అదే పాట పెట్టి విన్నాడు.

"బాగనే ఉండాది కదమ్మే. దుమ్ దుమ్ అని ఎంత చక్కంగా పలుకుతాండాదో!"

భాను అతని వైపు చూసింది. అతని చూపుడు వేలు బల్ల మీద తాళం వేస్తోంది. తనకు ఏమీ వినపడని చోట అతనికి తాళం దొరుకుతోంది.

"ఔ, ఇప్పుడు బాగుండాది," అని వంటింట్లోకి వెళ్లిపోయింది. భయంలో సంకటి గెలకడం మరిచి అడుగంటించింది. అది తొంభై ఎనిమిదో సంవత్సరం. ఆమెకు అప్పుడు మూడో నెల.

అంత భయపడటానికి కారణం ఉంది. భాను పుట్టిల్లు పెనుకొండ. తండ్రి గఫార్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. తల్లి ఖైరున్‌బీకి భాను పుట్టిన తరువాత వినికిడి మందగించింది, కొడుకు జహీర్ పుట్టిన తరువాత దాదాపుగా పోయింది. ఖైరున్‌బీ తల్లికీ అంతే జరిగిందట. ఆ వీధిలో వాళ్లది "చెవుడోళ్ల ఇల్లు". ఎవరూ ఎగతాళిగా అనేవారు కాదు, గుర్తుకోసం అనేవారు. ఆ ఇంటి ఆడవాళ్లకు కాన్పులతో పాటు చెవుడు వస్తుందని అందరికీ తెలుసు.

చిన్నప్పుడు ఒక రోజు భాను బడినుంచి వచ్చేసరికి ఉయ్యాల చీర తమ్ముడి మెడకు చుట్టుకుని ఉంది. పిల్లవాడు ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, నోరు మాత్రం తెరుచుకుని ఉన్నాడు. రెండు బారల దూరంలో అమ్మ అటు తిరిగి కూర్చుని, శెనక్కాయలు వలుస్తూ, సన్నగా ఏదో పాడుకుంటోంది. భాను పలక విసిరేసి వాణ్ని విడిపించి, అమ్మ భుజం పట్టి ఊపింది. అమ్మ నవ్వుతూ ఇటు తిరిగింది. తరువాత పిల్లవాణ్ని చూసింది. ఆ నవ్వు ఆరిపోయిన తీరు భానుకు ఎన్నటికీ మరపు రాలేదు.

ఇక ఆ పాటలు ఆమె దగ్గరికి ఎలా వచ్చాయంటే, పెళ్లయిన కొత్తలో ఒక ఫ్యాక్టరీ ఇంజనీరు ఇంతియాజ్ అంగడిలో తన టేప్‌రికార్డరును, దాంతోపాటు ఒక సంచి నిండా క్యాసెట్లను ఇచ్చాడు. బాగయ్యేలోగా ఆయనకు ఉత్తరాదికి బదిలీ అయింది. సెట్టు వద్దు, మీరే ఉంచుకోండని కబురు చేశాడు. సంచి ఇంటికి వచ్చింది. భాను ఏడో తరగతి దాకా తెలుగులో చదివింది. క్యాసెట్ల మీద ఇంగ్లీషు అక్షరాలు సగం చెరిగిపోయి ఉన్నాయి. మొదటిసారి విన్నప్పుడు ఎవరో అటక మీదినుంచి గిన్నెలు తోసేసినట్టు అనిపించి ఆపేసింది. అయినా పగలంతా ఒంటరిగా ఉండే ఇల్లు. మర్నాడు మళ్లీ పెట్టింది.

ఒక పాటలో తాళం ఎనిమిదికి మూతపడకుండా ఏడుకే తిరిగిపోతోందని వేళ్లు ముడిచి లెక్కపెట్టి కనిపెట్టింది. ఆ లెక్క తప్పకుండా పట్టుకోగలిగే నాటికి ఆ పాట ఆమెను పట్టుకుంది. దానికి ఏడు దెబ్బల పాట అని పేరు పెట్టింది. ఒకడు చెవి దగ్గర రహస్యం చెబుతున్నట్టు పాడుతూ పాడుతూ, ఉన్నట్టుండి గిటార్లన్నీ కలిసి అరిచేది గుసగుస పాట. మొహర్రంలో పీర్లు లేచినప్పటి తప్పెట్ల లాంటి డ్రమ్ములున్నది పీర్ల పాట. క్యాసెట్టు ఒక వైపంతా ఒకటే పాటగా సాగుతూ, మధ్యలో ఇంకిపోయి మళ్లీ పైకి వచ్చేది ఏరు పాట.

సినిమా పాట మొదలైతే అది ఎటు పోతుందో ఆమెకు తెలిసిపోయేది. వీటిలో తెలిసేది కాదు. ఏ మలుపులో ఏం వస్తుందోనని ఒంటిమీద వెంట్రుకలు లేచేవి. మొదటిసారి విన్నప్పుడు రవ్వంతైనా భయపెట్టని పాటను ఆమె ఎంచేది కాదు. అలా ఎంచినవన్నీ కలిపి అంగడిలో రెండు టేపు డెక్కులు పెట్టించుకుని ఒక పెద్ద క్యాసెట్టులోకి ఎక్కించింది. ఏ పాట తరువాత ఏది రావాలో నెలంతా ఆలోచించింది.

ఒక రోజు అశ్విని అనే డిగ్రీ విద్యార్థిని వాక్‌మన్ బాగుచేయించుకోవడానికి అంగడికి వచ్చి, అక్కడ మోగుతున్న ఆ క్యాసెట్టు విని నిలబడిపోయింది.

"అన్నా, ఈ పాటలు ఎవురు ఎంచింది?"

"మా ఇంట్లో ఆమె," అన్నాడు ఇంతియాజ్.

అశ్విని నమ్మలేదు. ఇంటికి వచ్చి చూసింది. తాళాలు మార్చుకుంటూ కథలాగా పొడుగ్గా పోయేవాటిని ప్రోగ్రెసివ్ రాక్ అంటారని, గుసగుసగా మొదలై అరుపులోకి పోయేలాంటివాటిని ఆల్టర్నేటివ్ అంటారని చెప్పింది. పేర్లు ఏవైనా భానుకు ఒకటే. అయితే అప్పటినుంచి అశ్విని బెంగళూరులో మేనమామ ఇంటికి పోయినప్పుడల్లా కొత్త క్యాసెట్లు తెచ్చేది. ఇద్దరూ మధ్యాహ్నాలు కూర్చుని ఏది ఉంచాలో, ఏది తీసేయాలో వాదించుకునేవారు. కాలేజీలో కొద్దిమంది "భానక్క క్యాసెట్టు" అని అడిగి మరీ ఎక్కించుకునేవారు.

ఆ పాటల భయం మీట నొక్కితే ఆగిపోయేది. ఇప్పుడు వచ్చిన దానికి మీట లేదు.

భాను ఎవరికీ చెప్పలేదు. ఇంతియాజ్ అంగడికి పోగానే తలుపు గడియ పెట్టి, అదే క్యాసెట్టు, అదే చోట కూర్చుని తనను తాను పరీక్షించుకునేది. ముందు బావి పాట మొదలు పోయింది. కొన్ని వారాలకు పీర్ల పాటలో పెద్ద డ్రమ్ము పోయి, కంచుతాళాలు మాత్రం ఇసుక చల్లినట్టు మిగిలాయి. ఏరు పాట మధ్యలో ఇంకినప్పుడు అది ఇంకిందో, తన చెవే ఇంకిందో తెలియలేదు. టేపు ఆపేసిన తరువాత కూడా ఖాళీ క్యాసెట్టు తిరుగుతున్నట్టు చెవిలో సన్నని హోరు. ప్లగ్గు పీకి చూసింది. హోరు ఆగలేదు. పళ్లెం ముందు కూర్చుంటే తను నమిలే శబ్దం తనకే తల పగిలేటట్టు వినిపించేది. ఎదుట కూర్చున్న ఇంతియాజ్ మాట మాత్రం గోడ అవతలినుంచి వస్తున్నట్టుండేది.

"యాలమ్మే, ఈ మధ్య అంత మెల్లగా మాట్లాడ్తాండావు? గొంతు బాగలేదా?" అని అడిగాడు ఒకసారి.

అమ్మ కూడా ఇలాగే మెల్లగా మాట్లాడుతుంది. ఆ సంగతి గుర్తుకొచ్చి భాను పళ్లెం ముందునుంచి లేచిపోయింది.

ఐదో నెలలో తమ్ముడు జహీర్‌ను చూడటానికి ధర్మవరం పోయింది. వాడు అక్కడ కూలిమగ్గం నేస్తూ, మగ్గాల మధ్యనే గది తీసుకుని ఉన్నాడు. తల్లి ఖైరున్‌బీ కూడా పెనుకొండ స్టేషనులో అదే రైలు ఎక్కింది. రైలు కదులుతుంటే భానుకు ఒక వింత జరిగింది. పెట్టెలో జనం మాట్లాడుకుంటున్న మాటలన్నీ స్పష్టంగా వినిపించాయి. ఎవరో చెన్నేకొత్తపల్లిలో వాన పడలేదంటున్నారు, ఇంకెవరో పిల్లవాణ్ని తిడుతున్నారు. తగ్గిపోయిందనుకుంది. ఉత్త నీరసమే అయి ఉంటుంది, అనవసరంగా బెదిరిపోయాననుకుంది. ధర్మవరంలో దిగి ప్లాట్‌ఫారం దాటి వీధిలోకి రాగానే మళ్లీ అంతా దూదిలో చుట్టినట్టయింది.

జహీర్ గదికి రెండు వైపులా మగ్గాలు టకటకలాడుతున్నాయి. వాడు వాటికి మించి గొంతెత్తి మాట్లాడుతున్నాడు. ఆ మాటలు భానుకు బాగా వినిపిస్తున్నాయి. వాడు టీ తేవడానికి పోయినప్పుడు తల్లి ఆమె దగ్గరికి జరిగి, ఆ రొదలోనే, ఎన్నడూ లేనంత గట్టిగా అడిగింది.

"ఏమ్మే, ఈ మగ్గాల కాడ నీకు బాగా ఇనపడ్తాండాది కదా?"

భాను ఉలిక్కిపడింది.

"రైల్లో గూడా ఇనపడింటాది. బయటికొస్తే మాయమైంటాది. నాకూ మొదట్లో అట్లే. రైలు దిగినకాన్నుంచి నా నోటి దిక్కే సూస్తాండావు. మాట కోసం నోటి దిక్కు సూసేది నేనొక్కదాన్నే మనింట్లో." ఖైరున్‌బీ కళ్లనిండా నీళ్లు. "నీకూ వచ్చిందా తల్లీ?"

భాను తల ఊపింది. తల్లీ కూతుళ్లు ఆ మగ్గాల చప్పుడులో ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఎన్నో ఏళ్లుగా వాళ్లు గట్టిగా మాట్లాడుకున్నది లేదు. మాట్లాడుకోగలిగిన ఆ ఒక్క చోట మాట్లాడుకోవలసింది ఇదైంది.

"కాన్పయినాక ఇంగా తగ్గుతాది. మనసు దిటవు చేసుకో," అంది తల్లి.

ఆ మాట కడుపులో బిడ్డతో పాటు పెరిగింది. ఖైరున్‌బీ పెనుకొండలో బాబయ్య దర్గాకు మొక్కుకుంది. భాను మొక్కుకోలేదు. మొక్కుకుంటే, భర్తకు చెబితే, అది నిజమైపోతుందని భయం. బిడ్డ కదిలినప్పుడల్లా సంతోషం వచ్చేది, దాని వెనకే ఉయ్యాల చీర కళ్లముందు ఆడేది.

మరుసటి ఏడాది మొదట్లో ఆడపిల్ల పుట్టింది. ఆలియా అని పేరు పెట్టారు. పుట్టగానే పిల్ల ఏడ్చిందని మంత్రసాని చెబితే భాను నమ్మింది. తను విన్నది మాత్రం ఎక్కడో పక్క వీధిలో పిల్లి కూత లాంటిది.

పుట్టింటినుంచి హిందూపురం వచ్చేనాటికి తల్లి చెప్పినట్టే ఇంకా తగ్గింది. భాను ఒక నూలు దారం ఉయ్యాలకు కట్టి, రెండో కొస తన కాలి బొటనవేలికి కట్టుకుని పని చేసుకునేది. పిల్ల కదిలితే దారం లాగుతుంది. బట్టలు ఉతకడానికి పెరట్లోకి పోతే అంత దారం చాలదు. పరుగున పోయి పరుగున వచ్చేది. అలా పోయిన ఒక ఉదయం, పక్కింటి యల్లక్క పెరటి గోడ ఎక్కి చేతులు ఊపుతూ అరుస్తోంది. భానుకు ఆమె నోరు కదలడం మాత్రమే కనిపించింది. యల్లక్క గోడ దూకి లోపలికి పరిగెత్తింది. వెనకే భాను.

ఉయ్యాలలో పిల్ల ఒళ్లంతా గండుచీమలు. పాల చుక్కకు వచ్చినవి మెడ మడతల్లోకి, చెవి వెనక్కి పాకాయి. పిల్ల ముఖం ఎర్రగా కమిలిపోయి ఉంది. గొంతు పోయి, ఊపిరి మాత్రం ఎగపోస్తోంది.

"ఎంతసేపట్నుంచి ఏడుస్తాందో తెల్సా? నా ఇంట్లోకి ఇనపడ్తాంటే నీకు ఇనపల్యా?" యల్లక్క ఒక్కో చీమను తీస్తూ అరుస్తోంది. మధ్యలో ఆగి భాను ముఖంలోకి చూసింది. "ఓ యమ్మా... నీకు నిజ్జంగా ఇనపల్యా?"

ఆ సాయంత్రం యల్లక్క ఇంతియాజ్‌కు చెప్పింది. అతను పిల్లను ఒళ్లోకి తీసుకుని చీమకాట్లకు కొబ్బరినూనె రాశాడు. తరువాత భానుకు కనపడేటట్టు ఎదురుగా వచ్చి, గట్టిగా, నెమ్మదిగా అన్నాడు:

"నాకు ముందే అనుమానం. టేపులో బేసు మీట నెలనెలా పెంచుకుంటా వస్తాండా. నువ్వే చెప్తావులే అనుకున్యా. అడిగేకి నాకు భయమైంది."

భాను మీట వైపు చూసింది. అది చివరిదాకా తిరిగి ఉంది.

మర్నాటినుంచి యల్లక్క ఉదయాలు వచ్చి కూర్చునేది. భాను పాటలు పెట్టడం మానేసింది. కొన్నాళ్లకు పిల్ల నిద్రపోతున్న ఒక మధ్యాహ్నం, చివరిసారి చూద్దామని బావి పాట పెట్టింది. ఏమీ లేదు. మనసు విరిగి టేప్‌రికార్డరు మీదికి వంగి నుదురు ఆనించింది.

తల లోపల బావి తెరుచుకుంది.

బొక్కెన దిగుతోంది. గిలక తిరుగుతోంది. చెవినుంచి కాదు, పుర్రె లోపలినుంచి. ఆమె కెవ్వున అరిచి వెనక్కి పడింది. తల ఎత్తగానే నిశ్శబ్దం. మతి పోతోందనుకుంది. చాలాసేపటికి ధైర్యం తెచ్చుకుని మళ్లీ నుదురు ఆనించింది. మళ్లీ వచ్చింది. పళ్లతో పెట్టె అంచు పట్టుకుంటే ఇంకా ఎక్కువగా వచ్చింది. పీర్ల పాటలో పెద్ద డ్రమ్ము ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. ఆమె పెట్టెను కొరికి పట్టుకుని ఏడుస్తూ క్యాసెట్టు అయిపోయేదాకా విన్నది.

చదువు ముగించి బెంగళూరులో ఉద్యోగం వెతుక్కుంటున్న అశ్విని ఆ వారం ఇంటికి వచ్చింది. భాను చెప్పింది విని లేచి నిలబడింది.

"అక్కా, ఎముకలోంచి ఇనపడ్తాందంటే లోపల నరం బతికే ఉండాదేమో. నాకు సరిగ్గా తెల్దు. డాక్టరు దగ్గరికి పోదాం పా."

బెంగళూరులో ఒక ఆసుపత్రిలో చెవి డాక్టరమ్మ రెండు కొమ్ముల శూలం లాంటి చిన్న ఇనుప కడ్డీని మోగించి చెవి పక్కన పట్టుకుంది. భాను తల అడ్డంగా ఊపింది. అదే కడ్డీ కాడను చెవి వెనక ఎముకకు ఆనించగానే భాను కళ్లు పెద్దవయ్యాయి. డాక్టరమ్మ కన్నడ కలిసిన తెలుగులో వివరంగా చెప్పింది. చెవిలో మూడు చిన్న ఎముకలుంటాయి. చివరిది బియ్యపు గింజ కంటే చిన్నది. మీ కుటుంబంలో అది కదలకుండా బిగుసుకుపోతుంది, గర్భిణీగా ఉన్నప్పుడు కొందరిలో ఇంకా త్వరగా బిగుసుకుంటుంది. ఆపరేషన్ చేసి దాని బదులు సన్నని తీగ పెట్టవచ్చు.

"బాగయితాదా?" ఇంతియాజ్ అడిగాడు.

"చాలామందికి అవుతుంది. కానీ నూటికొకరికి ఉన్నది కూడా పూర్తిగా పోవచ్చు. అప్పుడు ఎముక ద్వారా కూడా వినపడదు. ఆ చెవి ఇక లేనట్టే. అది మీరు తెలుసుకునే ఒప్పుకోవాలి."

అశ్విని ఆ మాటలను భాను చెవి దగ్గర గట్టిగా చెప్పింది. భాను రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది.

పెనుకొండలో ఖైరున్‌బీ వినగానే వద్దంది. "ఉన్న రవ్వంత గూడా పోతే? నేను ఇట్లే బతకల్యా? నువ్వూ బతుకుతావు. కత్తి వద్దు తల్లీ." భాను ఆ ఏడాది అటూ ఇటూ కాకుండా గడిపింది. నూటికొకరు ఎవరో ఒకరు ఉండాలి కదా, అది నేనే ఎందుకు కాకూడదు అనుకునేది. పెట్టె కొరికి పాట విన్న ప్రతిసారీ ఇది కూడా పోతుందేమోనని భయపడేది.

చివరికి ఆలియా మాటలు నేర్వడం ఆమెను కదిలించింది. పిల్ల వచ్చి ముఖంలోకి చూస్తూ ఏదో పొడుగ్గా చెప్పేది. భాను నవ్వి తల ఊపేది. పిల్లకు కోపం వచ్చి చెంప మీద కొట్టి మళ్లీ చెప్పేది. ఒక రోజు పిల్ల చెప్పడం మానేసి యల్లక్క దగ్గరికి పోయింది. ఆ సాయంత్రం భాను ఇంతియాజ్‌తో, "ఎడమ చెవికి చేయిస్తాం. పోతే కుడిది ఉండాది," అంది.

రెండు వేల సంవత్సరం చివర్లో, చలికాలం ఉదయం, ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారు. మత్తు చెవి చుట్టూ మాత్రమే ఇచ్చారు. మనిషి మెలకువగా ఉండాలట. ముఖం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పారు. ఆ గుడ్డ కింద తన ఊపిరి వేడిగా తనకే తగులుతోంది. చెవిలో ఏదో గీకుతున్నారు. నొప్పి లేదు, శబ్దం ఉంది. పలక మీద మేకు గీసినట్టు, ఆ గీత నేరుగా మెదడు మీద పడుతున్నట్టు. కదలకూడదన్నారు. ఆమె ఏడు దెబ్బల పాట మనసులో పెట్టుకుని లెక్కపెట్టసాగింది. మూడోసారి తిరిగేసరికి లెక్క తప్పింది. గది మొత్తం బొంగరంలా తిరిగింది. ఇదే, పోయింది, నూటికొకరు నేనే అనుకుంది. వేళ్లు పక్క గుడ్డను పిడికిలి పట్టాయి.

అప్పుడు పళ్లెంలో ఇనుప పనిముట్టు పెట్టిన చప్పుడు వచ్చింది. పిడుగు పడ్డట్టు వచ్చింది. ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ నడిచారు.

"భానూ, కేళిస్తిదెయా? వినిపిస్తోందా?"

"అరవాకండమ్మా," అంది భాను. "ఇనపడ్తాండాది."

డాక్టరమ్మ అరవలేదు. గుసగుసగానే అడిగింది.

చెవిని దూదితో మూసి పంపించారు. తుమ్మకూడదు, చీదకూడదు, వంగకూడదు. హిందూపురం చేరిన కొద్ది రోజులకు, యల్లక్క ఇంట్లో మిరపకాయలు వేయిస్తుంటే ఘాటు వచ్చి భాను ఆపుకోలేక తుమ్మింది. చెవిలో టప్ మన్నట్టయింది. నేల పక్కకు ఒరిగింది. వాంతి అయింది. ఇంతియాజ్ వచ్చేసరికి మంచం పట్టె పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. "పోయిందబ్బా, నేనే పోగొట్టుకున్యా," అని అదే మాట అంటోంది. దూది తీసేదాకా ఏమీ తెలియదు. తీయడానికి ఇంకా రోజులున్నాయి. ఆ రోజుల్లో ఆమె పెట్టెకు నుదురు ఆనించడానికి కూడా భయపడింది. ఎడమవైపు నిశ్శబ్దంగా ఉంటే? ఏదీ పరీక్షించలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. నాలుక మీద ఇనుము రుచి. అన్నం సహించలేదు.

బెంగళూరులో దూది తీసినప్పుడు మొదట నీళ్లలో ఉన్నట్టుంది. నయం కావాలి, ఇంకా కొంచెం ఆగమన్నారు. తిరుగు రైలు ఒక స్టేషనులో ఆగి రొద తగ్గినప్పుడు, కిటికీ పక్కన కూర్చున్న భాను ఒళ్లోంచి ఆలియా ఎదురుగా కూర్చున్నామెను చూసి, "మా అమ్మకు ఇనపడదు," అంది.

భాను తల తిప్పింది. "ఏమంటివి?"

పిల్ల మళ్లీ అంది. నీళ్లలోంచైనా ఆ మాట ఎడమ చెవిలో పడింది. పక్కనున్న ఇంతియాజ్ చేయి భాను చేతిని గట్టిగా పట్టుకుంది.

ఎడమ చెవి మెల్లగా, నెలల మీద, బాగుపడింది. పాటలు అన్నీ మళ్లీ విన్నది. బావి పాటలో బావి ఉంది. అయినా అది జ్ఞాపకంలో ఉన్నంత లోతుగా లేదు. గుసగుస పాటలో అరుపు ఇప్పుడు పదునుగా గుచ్చుకుంటోంది. దాన్ని తన క్యాసెట్టులోంచి తీసేసింది. అశ్విని ఒప్పుకోలేదు, ఫోనులో వాదించింది. ఏరు పాట మాత్రం ముందు కంటే బాగుంది. అది మధ్యలో ఇంకినప్పుడు అడుగున సన్నగా ఒక వాయిద్యం ఆగకుండా సాగుతూనే ఉందని, చెవి బాగున్న రోజుల్లోనూ తను దాన్ని గమనించలేదని అప్పుడు తెలిసింది.

కుడి చెవికి ఆపరేషన్ చేయించుకోమని అందరూ చెప్పారు. డాక్టరమ్మ కూడా చెప్పింది. భాను చేయించుకోలేదు. ఒకసారి బయటపడ్డాను, దేవుణ్ని రెండోసారి అడగకూడదు అంది. ఇప్పటికీ ఎడమ చెవిలో కొంచెం హోరు పెరిగినా, జలుబు చేసినా, ఆమె చేతిపని ఆపి కదలకుండా నిలబడి వింటుంది. రెండో బిడ్డ కూడా వద్దనుకుంది. ఇంతియాజ్ ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. ఖైరున్‌బీకి పరీక్ష చేయిస్తే ఆలస్యమైపోయిందన్నారు. చెవికి పెట్టుకునే మిషన్ ఇచ్చారు. ఆమె దాన్ని పండగలకు మాత్రం పెట్టుకుంటుంది, మిగతా రోజులు మనుషుల రొద తనకు వద్దంటుంది.

క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి. ఇంతియాజ్ అంగడి సెల్‌ఫోన్ల అంగడి అయింది. ఆలియాకు ఎనిమిదేళ్లు వచ్చాక ఒక రోజు పెనుకొండలో అమ్మమ్మ ఇంటినుంచి తిరిగి వచ్చి తల్లిని సూటిగా అడిగింది.

"జేజికి చెవుడు. నీకూ వచ్చింది. నాకూ వస్తాదా?"

లేదని చెప్పడానికి భాను నోరు తెరిచింది. "తెల్దు పాపా," అంది. "వస్తే ఏం చేయల్లో మాత్రం తెల్సు."

ఆ నెలలోనే పిల్లను బెంగళూరు తీసుకుపోయింది. అద్దాల గదిలో ఆలియాను కూర్చోబెట్టి తలకు హెడ్‌ఫోన్లు తగిలించారు. శబ్దం వినపడినప్పుడల్లా చేయి ఎత్తాలి. అద్దానికి ఇవతల భాను నిలబడింది. ఆమెకు ఏ శబ్దమూ వినపడదు, పిల్ల చేయి మాత్రమే కనపడుతుంది. చేయి లేచింది. దిగింది. లేచింది. తరువాత చాలాసేపు లేవలేదు. పరీక్ష చేస్తున్న అమ్మాయి మీటలు తిప్పుతోంది. పిల్ల ముఖం చిట్లించి నేల వైపు చూస్తోంది. భాను అద్దానికి అరచేయి ఆనించింది. ఎత్తు, ఎత్తు అని పెదాలు కదిలాయి.

చేయి సగం లేచి ఆగింది. తరువాత పూర్తిగా లేచింది.

"బాగుందమ్మా," అంది ఆ అమ్మాయి బయటికి వచ్చి. "ఈ వయసుకు ఉండాల్సినంత ఉంది. ముందు ముందు ఎలాగో ఇప్పుడే చెప్పలేం. రెండేళ్ల తరువాత మళ్లీ తీసుకురండి."

ఆలియా బయటికి వచ్చి ఆకలి అంది. అక్కడ సన్నని శబ్దాలు ఎంత సన్నగా ఉన్నాయో, ఒకటి దోమ కంటే చిన్నదని, అది ఉందో లేదో తేల్చుకోవడానికే ఆలస్యమైందని దారంతా చెబుతూనే ఉంది. భాను పిల్లను తన ఎడమవైపు నడిపించుకుంటూ, ఏ మాటా తప్పిపోకుండా వింటూ, హిందూపురం రైలు కోసం స్టేషను వైపు నడిచింది.